చేయి తిరగని చోట రాచెట్: సైకిల్ మరమ్మతుకు పనిముట్టు ఎంపిక (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సైకిల్ మరమ్మతు కొత్తగా నేర్చుకుంటున్న వాళ్లు, సొంత సైకిల్‌ను ఇంట్లోనే చూసుకునే వాళ్లు, దీన్నే వృత్తిగా పెట్టుకున్న వాళ్లు కూడా ఈ గదిలో ఉన్నారు. నాకు ఇచ్చిన అంశం చిన్నది. అలెన్ బోల్టులు, అంటే తలలో ఆరు పలకల గుంట ఉన్నవి, విప్పడానికి, బిగించడానికి రాచెట్, అంటే ఒక వైపు మాత్రమే పట్టి రెండో వైపు జారే పిడి, కొనాలనుకుంటే ఏం చూసి కొనాలి? అంశం చిన్నదే కానీ దాని చుట్టూ జరిగే అమ్మకాల హడావిడి చిన్నది కాదు. పెట్టె తెరిస్తే వరుసగా తళతళలాడే బిట్లు, అంటే రాచెట్ తలలో తగిలించే మొనలు, వాటి మధ్య బొమ్మలా ముద్దుగా ఒక రాచెట్. చూడగానే మనసు లాగుతుంది. ఆ పెట్టె కొన్నవాళ్లలో చాలామంది అందులోంచి బయటికి తీసేది నాలుగైదు బిట్లే. మిగతావి కొన్ననాడు ఎలా ఉన్నాయో ఎప్పటికీ అలాగే ఉంటాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ బోల్టు పనిలోనైనా మూడు ఘట్టాలుంటాయి. మొదట దాని పట్టు వదిలించాలి. తర్వాత చుట్లు తిప్పి బయటికి తీయాలి, లేదా లోపలికి దించాలి. ఆఖరున సరైన బలంతో బిగించాలి. రాచెట్ ఆ నడిమి ఘట్టానికి చేసిన పనిముట్టు. మొదటి దానికీ చివరి దానికీ కూడా దాన్నే వాడబోతేనే బోల్టులు పాడవుతాయి, వేళ్లు చెక్కుకుపోతాయి, రాచెట్టూ పాడవుతుంది. ఇది గుర్తుంటే ఏది కొనాలో సగం వరకు మీకే తెలిసిపోతుంది.

సైకిల్ మీద అసలు ఏ కొలతలున్నాయో ముందు చూద్దాం. 2, 2.5, 3, 4, 5, 6, 8, 10 మిల్లీమీటర్లు. ఇవి కాక డిస్కు బ్రేకుల పళ్లేన్ని పట్టి ఉంచే నక్షత్రం ఆకారపు టీ25. వీటిలో రోజువారీ పనంతా 4, 5 మీదే నడుస్తుంది. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ ముందు పలక, నీళ్ల సీసా స్టాండు, బూట్ల అడుగున ఉండే క్లీట్లు చాలావరకు 4. సీటు పోస్టు బిగింపు, బ్రేకు కాలిపర్లు (బ్రేకు దిమ్మలను నొక్కే భాగాలు), వెనక గేరు మార్చే డీరైలర్ బోల్టు చాలావరకు 5. చక్రం ఇరుసులకు తరచుగా 6. పెడళ్లకు, పాతకాలపు క్రాంకు (పెడల్ బిగించే చేయి) బోల్టులకు 8. చిన్నవైన 2, 2.5 సర్దుబాటు స్క్రూలకు. తొమ్మిది రకాలున్నా చేతికి నిత్యం తగిలేవి రెండే. కాబట్టి ముక్కల సంఖ్య చూసి పెట్టె కొనడం దండగ. ఆ డబ్బుతో మంచి 4, మంచి 5 కొనుక్కోవచ్చు.

ఒక చిన్న పిట్టకథ చెప్పి ముందుకు వెళతాను. బోల్టు తల లోపల ఆరు పలకల గుంట పెట్టే పద్ధతి మొదట్లో బాగా వ్యాపించింది ఫ్యాక్టరీ భద్రత పేరు మీద. తిరిగే ఇరుసుల మీద స్క్రూల తలలు బయటికి పొడుచుకు వచ్చి ఉంటే పనివాళ్ల బట్టలు వాటికి చిక్కుకుని ఘోరాలు జరిగేవి. తల బయటికి కనబడని స్క్రూ వస్తే ఆ బాధ తప్పింది. 1910లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో మొదలైన అలెన్ కంపెనీ అలాంటి స్క్రూలతోనే పేరు తెచ్చుకుంది. సైకిల్‌కూ ఆ లక్షణం బాగా నప్పింది. మోకాలికి గుచ్చుకోదు, బరువు తక్కువ, చూడటానికి నున్నగా ఉంటుంది. అయితే దానితో పాటు ఒక చిక్కు కూడా వచ్చింది. గుంట లోపల ఉంది కాబట్టి కీ దానికి ఎదురుగా, నిటారుగా వెళ్లాలి. పక్కనుంచి స్పానర్‌లా పట్టుకోవడం కుదరదు.

ఇక అసలు విషయం. గుంటకు ఆరు పలకలు. అంటే ఎల్ ఆకారపు అలెన్ కీని తిప్పి, బయటికి తీసి, మళ్లీ పెట్టాలంటే ప్రతిసారీ 60 డిగ్రీల చోటు కావాలి. చోటు ధారాళంగా ఉన్నప్పుడు ఇదొక సమస్యే కాదు. కానీ ఎంత చేయి తిరిగిన మెకానిక్‌కైనా చేయి తిరగని చోటు ఒకటి ఉంటుంది. పొట్టివాళ్ల కోసం చేసిన చిన్న ఫ్రేములో, సీటు గొట్టం మీద ఉండే సీసా స్టాండు కింది బోల్టును తీసుకోండి. పైన స్టాండు అడ్డం, ముందు ఏటవాలు గొట్టం అడ్డం. అది 5 మి.మీ. మందం ఉన్న బోల్టు. ఒక పూర్తి చుట్టు తిరిగితే 0.8 మి.మీ. కదులుతుంది. 8 మి.మీ. లోతుకు దిగి ఉందనుకుంటే 10 చుట్లు తిప్పాలి. చుట్టుకు 6 సార్ల చొప్పున కీని 60 సార్లు తీసి పెట్టాలి. కీ సరిగ్గా కూర్చోకుండా తిప్పే ప్రమాదం అరవైసార్లూ ఉంటుంది. రాచెట్ అయితే బిట్ ఒకసారి కూర్చుంటే బోల్టు బయటికి వచ్చేదాకా అక్కడే ఉంటుంది. సమయం మిగలడం కన్నా ఇదే పెద్ద లాభం. కీని ఎన్నిసార్లు తీసి పెడితే గుంట అంచులకు అన్ని దెబ్బలు.

రాచెట్ లోపల ఏముందో తెలిస్తే ఎంపిక సులువు. లోపల ఒక పళ్ల చక్రం, దాని పళ్ల మధ్య పడే చిన్న నాలుక. తలుపుకు ఏటవాలు గొళ్లెం ఉంటే మూసేటప్పుడు జారి లోపలికి పోతుంది, మూశాక లాగితే రాదు కదా, అదే పద్ధతి. ఒక వైపు తిప్పితే నాలుక పళ్ల మీదుగా జారుతుంది, మరో వైపు తిప్పితే పట్టేస్తుంది. పళ్లు ఎన్ని ఉంటే పిడిని అంత తక్కువ తిప్పి మళ్లీ పట్టు తెచ్చుకోవచ్చు. 24 పళ్లుంటే 15 డిగ్రీలు, 36 ఉంటే 10, 60 ఉంటే 6, 72 ఉంటే 5, 90 ఉంటే 4.

దుకాణంలో మీకు ఘనంగా చెప్పేది ఈ పళ్ల లెక్కే. నేను దీనికి అంత విలువ ఇవ్వను. అలెన్ కీ అడిగే 60 డిగ్రీల నుంచి 10కి దిగడం పెద్ద మార్పు. అంతకుముందు అసాధ్యమైన పని సాధ్యమవుతుంది. 6 నుంచి 4కి దిగడం మాత్రం చేతికి తెలియను కూడా తెలియదు. ఎందుకంటే బిట్‌కూ బోల్టు గుంటకూ మధ్య కొంచెం సందు ఉంటుంది. బిట్‌కూ రాచెట్ తలకూ మధ్య ఇంకొంచెం సందు ఉంటుంది. ఆ రెండూ కలిసి డిగ్రీలను మింగేస్తాయి. లెక్కకు 90 పళ్లున్నా బిట్ తలలో లొడలొడలాడుతుంటే, బిగుతుగా అమరిన 60 పళ్ల రాచెట్ ముందు అది తేలిపోతుంది. 36 గానీ అంతకు పైన గానీ ఏదైనా సరే, 60 దాటాక ఇక లెక్కపెట్టకుండా తర్వాతి విషయానికి వెళ్లండి.

ఆ తర్వాతి విషయం గురించి పెట్టె మీద ఎక్కడా రాసి ఉండదు. పిడిని వెనక్కి తిప్పేటప్పుడు అది ఎంత బిగువుగా ఉంది? ఇది ఎందుకు ముఖ్యమో చెబుతాను. సగం విప్పిన బోల్టు వదులుగా, దాదాపు వేళ్లతో తిరిగేలా ఉంటుంది. మీరు పిడిని వెనక్కి తెచ్చేటప్పుడు నాలుక పళ్ల మీద జారాలి. నాలుక కింద స్ప్రింగు బలంగా ఉంటే అది జారదు, బోల్టును కూడా తనతో వెనక్కి తిప్పేస్తుంది. ముందుకు ఎంత విప్పారో వెనక్కి అంత బిగిస్తారు. చప్పుడు మాత్రం చక్కగా వస్తూ ఉంటుంది. పని జరుగుతున్నట్టే అనిపిస్తుంది, బోల్టు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పెద్ద యంత్రాలకు చేసిన రాచెట్లలో ఇది తరచుగా చూస్తాం. సైకిల్ బోల్టులు చిన్నవి, తేలికవి. వాటికి మెత్తగా జారే రాచెట్ కావాలి.

దీన్ని దుకాణంలోనే పరీక్షించవచ్చు. బిట్ పెట్టి, దాని కొనను బొటనవేలు, చూపుడువేలు మధ్య అతి తేలికగా పట్టుకోండి. రెండో చేత్తో పిడిని వెనక్కి తిప్పండి. వేళ్ల మధ్య బిట్ కదలకుండా పళ్లు జారితే అది మంచి రాచెట్. బిట్ మీ వేళ్లను ఒరుసుకుంటూ తిరిగిపోతే దాన్ని అక్కడే వదిలేయండి, పళ్లు వందున్నా సరే. అలాగే తల మీద వేళ్లతో తిప్పడానికి గరుకైన చక్రం ఉందో లేదో చూడండి. బోల్టు మరీ వదులైపోయాక పిడి ఊపడం మానేసి ఆ చక్రాన్ని వేళ్లతో గిర్రున తిప్పేస్తాం. బిగించేటప్పుడు కూడా మొదటి చుట్లు దానితోనే. ఈ చక్రం లేని రాచెట్‌తో సైకిల్ పని చేయడం నాకు విసుగు.

ఇప్పుడు తల గురించి. బోల్టుకు ఎదురుగా ఎంత ఎత్తు చోటు కావాలన్నది తల మందం, బయటికి వచ్చే బిట్ పొడవు రెండూ కలిపితే తెలుస్తుంది. వెనక బ్రేకు కాలిపర్ దగ్గర చక్రం పుల్లలు అడ్డం వస్తాయి. సామాన్ల క్యారియర్ కింది బోల్టు దగ్గర గేరు చక్రాలు అడ్డం వస్తాయి. అక్కడ తల లావుగా ఉంటే బిట్ గుంటలోకి సగమే వెళ్లి ఆగుతుంది. సగం కూర్చున్న బిట్‌తో బలం పెట్టడం కన్నా పని మానుకోవడం మేలు. 5 మి.మీ. అలెన్ కీ పొట్టి చేయి సుమారు 3 సెంటీమీటర్లే. అందుకే కొన్ని ఇరుకు సందుల్లో ఎంత మంచి రాచెట్ అయినా మామూలు కీ ముందు ఓడిపోతుంది. ఓడిపోనివ్వండి, దాని పని అది కాదు.

రాచెట్లు రెండు కుటుంబాలు. ఒక రకంలో బిట్ నేరుగా తలలోని ఆరు పలకల రంధ్రంలో కూర్చుంటుంది. ఆ రంధ్రం పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. ఇంకో రకంలో తల నుంచి నలుచదరపు మొన బయటికి వస్తుంది. దానికి సాకెట్లు తగిలించాలి, బిట్ పెట్టాలంటే మధ్యలో ఇంకో ముక్క కావాలి. ఆ ముక్కతో ఎత్తు పెరుగుతుంది. సైకిల్ మీద ఇరుకు పనికి మొదటి రకమే హాయి. వెరా, సిల్కా, టోపీక్ వంటి పేర్లతో సైకిల్ వాళ్ల కోసం వచ్చే చిన్న రాచెట్లు చాలావరకు బిట్లు తగిలించుకునేవే. రెండో రకం నట్లు ఎక్కువగా ఉన్న పాత సైకిళ్ల మీద పనిచేసే వాళ్లకు ఉపయోగం.

బిట్ పొడవు గురించి ఒక మాట. పెట్టెల్లో వచ్చేవి ఎక్కువగా 25 మి.మీ. పొడవువి. వాటిలో 4 మి.మీ. పలకలు కొన దగ్గర కొంత మేరకే ఉంటాయి, ఆపై భాగమంతా 6.35 లావు. లోతైన రంధ్రంలో కూర్చున్న బోల్టుకు ఆ లావు భాగం అడ్డుపడుతుంది. పొడిగింపు గొట్టం తగిలిస్తే అది ఇంకా లావు. రేసు సైకిళ్ల హ్యాండిల్ మీద బ్రేకు లీవర్‌ను పట్టి ఉంచే బోల్టును చూడండి. రబ్బరు తొడుగు పక్కకు మడిస్తే సన్నని దారి, ఆ చివర 5 మి.మీ. గుంట. పొట్టి బిట్ అక్కడికి చేరదు. 50 మి.మీ. బిట్లు 4, 5 కొలతల్లో ఒక్కొక్కటి విడిగా కొని ఉంచుకోండి. అదీ అందకపోతే పొడవు చేయి ఉన్న అలెన్ కీ ఉండనే ఉంది.

ఇప్పుడు బలం లెక్క. చిన్న గుణకారమే. పిడి పొడవు 10 సెంటీమీటర్లు అనుకోండి. దాని చివర 10 కిలోల బరువు మోపినంత బలంతో, అంటే సుమారు 100 న్యూటన్లతో, నొక్కితే బోల్టుకు చేరే తిప్పుడు బలం 10 న్యూటన్ మీటర్లు. స్టెమ్ బోల్టులకు చాలాచోట్ల 5, 6 చాలు. సీసా స్టాండుకు ఇంకా తక్కువ. కాలిపర్‌కు 6 నుంచి 8. డిస్కు పళ్లెం బోల్టులకు తయారీదారును బట్టి 2 నుంచి 6 వరకు. అంటే పొట్టి పిడి ఉన్న రాచెట్ ఈ పనులకు సరిగ్గా సరిపోతుంది, పైగా అదుపు తప్పనివ్వదు. అదే పొట్టి పిడితో పెడల్ దగ్గరికి వెళ్లండి. అక్కడ సైకిల్ భాగాల కంపెనీ షిమానో అడిగేది 35 నుంచి 55 న్యూటన్ మీటర్లు. 40 అనుకున్నా పిడి చివర 40 కిలోలు మోపాలి. చేయి మోపలేదు. మోపినా నాలుక, పళ్లు తట్టుకోవు. అప్పుడు కొందరు పిడికి ఇనుప గొట్టం తొడుగుతారు. దయచేసి తొడగకండి. పెడళ్లకు పొడవాటి 8 మి.మీ. అలెన్ కీ గానీ పెడల్ స్పానర్ గానీ వాడండి. పావు అంగుళం బిట్ల పెట్టెలో 8 మి.మీ. బిట్ ఉంటుంది, నిజమే. కానీ దాని మొన 8, మెడ 6.35. బలమంతా ఆ సన్న మెడ మీదే పడుతుంది.

పట్టు వదిలించడానికీ ఇదే వర్తిస్తుంది. తుప్పు పట్టిన బోల్టు, లేదా ఎవరో గట్టిగా బిగించి వదిలేసిన బోల్టు, మొదటి పావు చుట్టుకే మొండికేస్తుంది. అక్కడ రాచెట్ వాడితే రెండు మూడు పళ్ల మీద ఆ బలమంతా పడుతుంది. పట్టు తప్పి నాలుక జారిందా, మీ పిడికిలి వెళ్లి ముందు పళ్ల చక్రానికి కొట్టుకుంటుంది. అలెన్ కీతో పట్టు వదిలించండి. టక్కుమన్న తర్వాత రాచెట్ చేతిలోకి తీసుకోండి.

టక్కు అన్నాను కాబట్టి శబ్దం సంగతి కూడా చెప్పాలి. కొత్తవాళ్లను ఇది నిజంగా తికమక పెడుతుంది. టార్క్ రెంచిలో అనుకున్న బలం చేరగానే ఒకసారి టిక్కుమంటుంది. అంటే ఆపు అని. రాచెట్‌లో వచ్చే టిక్కుటిక్కులు పళ్ల మీద నాలుక జారే చప్పుడు మాత్రమే. బిగింపు సంగతి అది ఏమీ చెప్పదు. టిక్కుమందని బిగించడం ఆపేస్తే బోల్టు వదులుగా ఉండిపోవచ్చు. టిక్కుమనలేదని ఇంకా బిగిస్తే మరలు జారిపోవచ్చు. చివరి బిగింపు చేతి అంచనా మీద వదలకూడదనుకునే చోట టార్క్ రెంచి తప్పదు. ముఖ్యంగా కార్బన్ భాగాల దగ్గర. అవి నలిగితే బయటికి కనబడకపోవచ్చు.

స్టెమ్ ముందు పలక బిగించే పని ఒకటి ఇక్కడ చేసి చూపిస్తాను, దగ్గరగా రండి. నాలుగు బోల్టులు, 4 మి.మీ. గుంటలు. స్టెమ్ మీద ఈ చిన్న అక్షరాలు చూడండి, గరిష్ఠం 5 న్యూటన్ మీటర్లు అని ఉంది. ముందు నాలుగు బోల్టులనూ వేళ్లతోనే రెండు మూడు చుట్లు ఎక్కిస్తున్నాను. పనిముట్టుతో మొదలుపెడితే మర అడ్డంగా ఎక్కినా చేతికి తెలియదు, వేళ్లకైతే వెంటనే తెలుస్తుంది. ఇప్పుడు రాచెట్ పెట్టి పిడి ముట్టుకోకుండా తల చక్రంతో దించుతున్నాను. బోల్టు తల పలకను తాకింది, ఆపేశాను. నాలుగూ అలాగే. ఇక పైన సందు, కింద సందు చూడండి. సమానంగా ఉండాలి. కొన్ని స్టెమ్‌లలో పైభాగం ముందు పూర్తిగా మూయమని తయారీదారు చెబుతాడు, అప్పుడు అతని మాటే వినాలి. ఇప్పుడు పిడిని చివర పట్టుకోలేదు, తలకు దగ్గరగా పట్టుకున్నాను. బలం దానంతట అదే తగ్గుతుంది. ఎదురెదురు మూలలు, ఒక్కోదానికి పావు చుట్టు. పై ఎడమ, కింది కుడి, పై కుడి, కింది ఎడమ. చేతికి బిగువు తగలగానే రాచెట్ పక్కన పెట్టేశాను. ఇక టార్క్ రెంచి. 5 మీద పెట్టి అదే వరుసలో ఒక చుట్టు. టిక్కు. టిక్కు. టిక్కు. టిక్కు. మళ్లీ ఒకసారి మొదటి దాని దగ్గరికి, ఎందుకంటే మిగతావి బిగించేసరికి అది కాస్త వదులై ఉంటుంది. చూశారా, ఇంకొంచెం తిరిగింది.

బిట్ల మాటకు వద్దాం. రాచెట్ ఎంత గొప్పదైనా బోల్టును తాకేది బిట్ మాత్రమే. డబ్బు పెట్టదలిస్తే అక్కడ పెట్టండి. అంగుళాల కొలతల బిట్లు మీ పెట్టెలో కలిసిపోకుండా చూసుకోండి. 5/32 అంగుళం 3.97 మి.మీ. 4 గుంటలో అది కూర్చుంటుంది, పెద్ద తేడా తెలియదు. కానీ 3/16 అంగుళం 4.76 మి.మీ. అది 5 గుంటలో వెళుతుంది, తిరుగుతుంది కూడా, తిరుగుతూ గుంట మూలలను తినేస్తుంది. బోల్టు నాసిరకం అని తిట్టుకునే ముందు బిట్ మీద ఏ అంకె ఉందో చూడండి. వాడగా వాడగా బిట్ మూలలు కూడా గుండ్రబడతాయి. వెలుతురులో పట్టుకుంటే మూలల దగ్గర మెరుపు గీత కనబడుతుంది. అలాంటి బిట్‌ను పారేయండి. బోల్టు కన్నా బిట్ చవక, ఫ్రేము మర కన్నా బోల్టు చవక.

గుండు తల బోల్టులతో ఇంకొంచెం జాగ్రత్త. 5 మి.మీ. మందం బోల్టుకు మామూలు స్తంభం తల ఉంటే గుంట 4. అదే మందానికి గుండు తల ఉంటే గుంట 3 మాత్రమే, లోతు కూడా తక్కువ. బోల్టు మందం అంతే, పట్టు మాత్రం చిన్నది. అందంగా ఉంటాయని వాటిని పెడతారు, విప్పేటప్పుడు ఆ అందం ఖరీదు తెలుస్తుంది. ఏ గుంటలోనైనా బిట్ పెట్టే ముందు మట్టి తీయండి. బూట్ల క్లీట్లలో ఇసుక గట్టిపడి అడుగున పేరుకుపోతుంది. సూదిమొన లాంటి దానితో అడుగు కనబడేదాకా గీకితే గానీ బిట్ పూర్తిగా దిగదు. గోళీ మొన ఉన్న కీలు, బిట్లు ఏటవాలుగా తిప్పడానికి సౌకర్యం, కానీ వాటి మెడ సన్నం, తాకే చోటు తక్కువ. తిప్పడానికే వాడండి, బిగించడానికి వద్దు. రాచెట్ ఉన్నవాళ్లకు వాటి అవసరం కూడా తక్కువే.

(శ్రోతల్లో ఒకరు: గుంట ఇప్పటికే గుండ్రబడిపోతే?)

రాచెట్ పక్కన పెట్టండి. 4 గుంట పాడైతే టీ25 నక్షత్రపు బిట్‌ను, 5 గుంట పాడైతే టీ30ని సుత్తితో మెల్లగా లోపలికి దిగ్గొట్టి, పొడవు పిడితో నిదానంగా తిప్పండి. నక్షత్రం కోణాలు కొత్త పట్టు చేసుకుంటాయి. చాలాసార్లు వస్తుంది. రాకపోతే తల తొలిచేయడమే. వచ్చిన బోల్టును మళ్లీ వాడకండి.

(మరొకరు: దిశ మార్చే మీట ఉన్నది మంచిదా, తిరగేసి వాడేది మంచిదా?)

మంచి ప్రశ్న. తిరగేసి వాడే రకంలో మీట ఉండదు. బిట్‌ను ఒక వైపు నుంచి పెడితే విప్పుతుంది, రెండో వైపు నుంచి పెడితే బిగిస్తుంది. భాగాలు తక్కువ, తల పలచన, జేబులో వేసుకుంటే పొరపాటున దిశ మారిపోదు. మీట ఉన్నది పని బల్ల దగ్గర త్వరగా ఉంటుంది, కానీ మీట బొటనవేలికి తగిలే చోట ఉంటే పని మధ్యలో తానే మారిపోతుంది. మీట మరీ వదులుగా లేదని చూసుకోండి. రోజంతా సైకిళ్లు విప్పేవాళ్లు మీట ఉన్నది తీసుకోండి. వారానికోసారి చేసేవాళ్లకు ఏదైనా ఒకటే. ఎడమ పెడల్ మరలు మాత్రం అందరినీ ఒకసారి ఏమారుస్తాయి. అవి వ్యతిరేక దిశ మరలు. ఎడమ పెడల్ ఊడాలంటే, సైకిల్‌కు ఎడమ పక్కన నిలబడి చూసినప్పుడు, సవ్యదిశలో, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. మీట మీద ఉన్న బాణం గుర్తును అక్కడ గుడ్డిగా నమ్మకండి.

(ఇంకొకరు: దారిలో వెంట తీసుకెళ్లడానికి మడత పనిముట్టు చాలదా?)

చాలుతుంది, చాలామందికి. మడత పనిముట్టు ఒకే ముక్క, ఏదీ జారిపోదు. దాని లోపం ఏమిటంటే ఒళ్లు లావు, కీలు పొట్టి, ఇరుకులో తిరగదు. చిన్న రాచెట్టు, 3, 4, 5, 6, టీ25 బిట్లు చిన్న సంచిలో పెట్టుకుంటే అదే బరువులో అంతకన్నా మంచి పని జరుగుతుంది. కానీ గడ్డిలో పడిన బిట్‌ను చీకట్లో వెతకాల్సి వస్తుంది. అందుకే అయస్కాంతం ఉన్న తల, బిట్లను బిగుతుగా పట్టే పట్టీ, ఈ రెండూ ఉన్నదే వెంట తీసుకెళ్లడానికి పనికొస్తుంది. ఇరుసు విప్పడానికి 6 బిట్‌తో ఆ పొట్టి పిడి సరిపోతుందా అని బయలుదేరే ముందే ఇంటి దగ్గర ఒకసారి విప్పి చూసుకోండి.

(ముందు వరుసలోంచి: రాచెట్‌కు నూనె వేయాలా?)

పలచని నూనె ఒక చుక్క, అప్పుడప్పుడు. మందపాటి గ్రీజు నింపకండి. నాలుక అందులో ఇరుక్కుని పళ్ల మీద సమయానికి పడదు, బలం పెట్టినప్పుడు జారుతుంది. దుమ్ము చేరితే కూడా అంతే. తిప్పినప్పుడు చప్పుడు మామూలుగా లేకపోతే, ఎక్కడో ఒక టిక్కు తప్పినట్టు వినబడితే, విప్పి తుడిచి చూడండి. పన్ను విరిగి ఉంటే ఆ రాచెట్‌తో ఇక బలం పెట్టవద్దు.

ఇక్కడ బల్ల మీద నాలుగు రాచెట్లు, ఆ స్టాండు మీద ఒక సైకిల్ ఉన్నాయి. వచ్చి తలో బోల్టు విప్పి బిగించండి. వేళ్ల మధ్య బిట్ పట్టుకుని చేసే పరీక్ష నాలుగింటి మీదా చేసి, ఏది వెనక్కి బిగువుగా ఉందో మీరే చెప్పండి. సీసా స్టాండు కింది బోల్టు ముందు అలెన్ కీతో, తర్వాత రాచెట్‌తో ప్రయత్నించండి. స్టెమ్ మాత్రం ముట్టుకోకండి, అది ఇప్పుడే బిగించాను.